గంగాళానికి అటూ ఇటూ

మా ఇంట్లో దేవుడి గురించి రోజూ గొడవ జరిగిన ఆ ఎండాకాలమంతా మా గుడ్డలకు రంగు చక్కగా పట్టింది. ఈ మాట చెబితే జనం నవ్వుతారు. నవ్వనివ్వండి. పని నాది, చూసిన కళ్ళూ నావే.

మాది గుడ్డలకు రంగు వేసే కార్ఖానా. ఇంటి వెనక రేకుల కప్పు, దాని కింద పొయ్యిల మీద మూడు పెద్ద గంగాళాలు, పెరడంతా ఆరేసే తీగలు. నాన్న పోయాక పెత్తనం నాకు వచ్చింది. వచ్చింది అనడం మర్యాద కోసం, నిజానికి నేనే తీసుకున్నాను. అమ్మ నాతో పాటు పని చేసేది. అన్నయ్యకు మాత్రం రంగులంటే పడదు, చేతులకు అంటుకుంటాయని. తనకి కావలసింది రాజకీయం. పెళ్ళి చేసుకోరా అంటే టికెట్ రానివ్వండి అనేవాడు. ఆ వేసవిలో టికెట్ వచ్చింది. మా వార్డుకు అభ్యర్థి అయ్యాడు. పెళ్ళి మాట ఎత్తితే గెలవనివ్వండి అన్నాడు.

టికెట్ వెనకే మా మేనత్త కూడా వచ్చింది.

అరవైకి దగ్గరపడిన మనిషి. నెరిసిన జుట్టు నడుం దాకా వదిలేసి, మెడలో చెక్కపూసలతో, చెప్పుల్లేని కాళ్ళతో గుమ్మంలో నిలబడింది. భుజాన ఒక గుడ్డ సంచి. నా చిన్నతనంలో ఈవిడ గురించి ఇంట్లో చెప్పుకున్నది ఒకే ఒక్క మాట, "హిప్పీల్లో కలిసిపోయింది" అని. ఏట్లో కొట్టుకుపోయిందన్నట్టు చెప్పేవాళ్ళు. నాన్నకు ఒక్కగానొక్క చెల్లెలు.

"వదినా, కొన్నాళ్ళు ఉండొచ్చా?" అంది.

అమ్మ ఆమెను పైనుంచి కిందికి చూసింది. "ముందు కాళ్ళు కడుక్కో. ఇప్పుడే గచ్చు తుడిచాను," అంది.

వాళ్ళదొక కొండ మీది చోటట. అందరూ కలిసి వండుకుని, కలిసి తిని, నాది నీది అనే మాట లేకుండా బతికారట. ముసలివాళ్ళు ఒక్కొక్కరే పోయారు. పిల్లలు ఉద్యోగాలు వెతుక్కుని పట్నాలకు దిగిపోయారు. చివరికి ఆ నేల ఎవరిదో వాళ్ళు అమ్మేసుకున్నారు.

"నేల ఎవరి సొత్తూ కాదని మేమందరం నమ్మాం. దాని సొంతదారు ఒక్కడే నమ్మలేదు," అంది అత్త, ఎవరో పక్కింటివాళ్ళ సంగతి చెప్పినట్టు.

అంటే ఆమెకు వెళ్ళడానికి వేరే చోటు లేదని అమ్మకూ నాకూ అప్పుడే అర్థమైంది. అన్నయ్యకు అర్థమైందో లేదో తెలియదు. అప్పుడే ఫోను మోగింది, బయటికి వెళ్ళిపోయాడు.

ఇక్కడ మా పని గురించి కొంచెం చెప్పాలి. మరిగే రంగులో గుడ్డ వేశాక కర్రలు ఆగకూడదు. ఇద్దరు గంగాళానికి అటూ ఇటూ నిలబడి, ఒకరు తోస్తుంటే ఒకరు లాగుతూ ఉండాలి. కాస్త ఆగినా మడతల్లో రంగు నిలిచిపోయి మచ్చలు పడతాయి. అందుకని నాన్న కాలం నుంచీ మాకొక పద్ధతి ఉంది. కలిపేవాళ్ళు మాట్లాడుకుంటూనే ఉండాలి. నోరు మూసుకుని కలిపేవాళ్ళకు ఆలోచన ఎటో పోతుంది, దాని వెనకే చెయ్యీ పోతుంది. మాట నడుస్తుంటే చెయ్యి దానంతట అదే నడుస్తుంది. ఎవరైనా పనిలోకి వస్తామంటే నాన్న అడిగే మొదటి ప్రశ్న, "నీకు మాటలు వచ్చా?" అని.

ఊరికే కూర్చుని తినడం తనకు చేతకాదని అత్త మర్నాడే కార్ఖానాలోకి వచ్చింది. అమ్మకు ఎదురు కర్ర ఆమె చేతికిచ్చాను. నాకు కావలసింది కూడా అదే. నేను ఉప్పూ సోడా తూచుకోవాలి, వేడి చూసుకోవాలి. ఎన్నికల రోజులు కదా, పని ముంచుకొచ్చింది. ఒక గంగాళంలో అన్నయ్య పార్టీ వంకాయ రంగు. ఇంకోదాంట్లో అవతలి పార్టీ ఇటుక రంగు. మూడోదాంట్లో అమ్మ వెళ్ళే ప్రార్థన మందిరం తెరలకు లేత నీలం. ఒకదాని తర్వాత ఒకటి, మూడూ ఒకే ఉప్పుతో ఉడికేవి.

"ఇన్నేళ్ళలో దేవుణ్ణి ఒక్కసారైనా తలుచుకున్నావా పిల్లా?" అని మొదలుపెట్టింది అమ్మ. అరవై దగ్గరపడినా ఆడపడుచు ఆమెకు పిల్లే.

"ఆయన నన్ను తలుచుకున్నాడా వదినా?"

"తలుచుకోకపోతే ఇంత దూరం ఎలా వచ్చావు?"

"బస్సులో."

అమ్మ కర్ర గట్టిగా తోసింది. అత్త అంతే గట్టిగా లాగింది. నేను నా ఉప్పు దగ్గర నవ్వాపుకున్నాను.

"ఒకసారి మందిరానికి రా. మనసు కుదుటపడుతుంది," అంది అమ్మ.

"నాలుగు గోడల్లో ఇమిడేవాడు నాకెందుకు? మాకు ఆకాశమే కప్పు. చెట్లూ గాలీ అన్నీ ఆయనే అనుకునేవాళ్ళం."

"వానొస్తే?"

"తడిసేవాళ్ళం."

"అందుకే మోకాళ్ళ నొప్పులు."

రోజూ ఇదే వరస. పొద్దున టీ తాగి కర్రలు పట్టుకుంటే పొయ్యి ఆర్పేదాకా ఇద్దరూ తగ్గేవాళ్ళు కాదు. అమ్మది చిన్నప్పటి నుంచీ ఒకే నమ్మకం, ఒకే మందిరం, ఒకే చాప. అత్త గిటార్లు వాయించే జనంతో బొమ్మలేసిన వ్యాను ఎక్కి వెళ్ళిపోయి, యుద్ధాలు వద్దంటూ వీధుల్లో కూర్చుని, నాలుగైదు మతాలను రుచి చూసి దేన్నీ పూర్తిగా మింగని మనిషి. ఇద్దరికీ పొంతన ఎక్కడ?

"ప్రేమ అందరికీ పంచేవాళ్ళటగా మీరు," అంది అమ్మ ఒకరోజు, నేను వినకూడదన్నట్టు గొంతు తగ్గించి. నాకు అప్పటికి ముప్పై దాటాయి.

"నీ దేవుడు కూడా అందరికీ పంచుతాడనేగా నువ్వు రోజూ చెప్పేది."

"అది వేరు."

"ఏం వేరు?"

అమ్మ కర్ర ఇంకో రెండుసార్లు తోసింది. "ఆయనకు గిన్నెలు కడిగే పని లేదు," అంది.

అత్త పగలబడి నవ్వింది. "సరిగ్గా చెప్పావు. మా కొండ మీద స్వేచ్ఛ అంతా గిన్నెల దగ్గరే ఆగిపోయేది వదినా. ఎవరూ ఎవరికీ పని చెప్పకూడదు. ఎవరు కడగాలో తేల్చడానికి పూటంతా కూర్చుని మాట్లాడుకునేవాళ్ళం. ఆ లోపు నేను కడిగేసేదాన్ని."

"మా మందిరంలో వంతులుంటాయి," అంది అమ్మ గర్వంగా. "ఇది దేన్ని నమ్ముతుందో దీన్నీ అడుగు." నా వైపు చూపించింది.

"ఉతికినా పోని రంగును," అన్నాను.

అప్పుడు మాత్రం వదినా ఆడపడుచులిద్దరూ ఒక్కటై నన్ను ఎగతాళి చేశారు. ఆ రోజు దింపిన తానుల్లో ఒక్క మచ్చ కూడా లేదు.

అన్నయ్య మొదట్లో అత్తయ్యను చూసి సంతోషించాడు. ఆమె జన్మలో ఓటు వేయలేదని తెలిసి నోరు వెళ్ళబెట్టి, మా ఇంటి చిరునామాతో పేరు ఎక్కించి వచ్చాడు. భోజనాల దగ్గర ఆమెకు పార్టీ సిద్ధాంతం నేర్పబోయాడు.

"మేమూ ఎన్నికలు పెట్టుకున్నాంరా," అంది అత్త. "మాలో ఎవరూ నాయకుడు కాకూడదు అనేదాని మీద. ప్రతిసారీ ఒకడే గెలిచేవాడు."

అన్నయ్య నవ్వాడు. నవ్వడం తనకి అప్పటికింకా వచ్చు.

తర్వాత దగ్గు సారు వచ్చాడు. అన్నయ్య పార్టీలో మా వార్డుకు పెద్దమనిషి. ప్రతి మాటకూ ముందు గొంతు సవరించుకుంటాడని వీధి పెట్టిన పేరు అది. ఆయన అన్నయ్యను పెరట్లోకి, తీగల మధ్యకు తీసుకెళ్ళి మాట్లాడాడు. గుడ్డలు మనుషుల్ని కనపడకుండా చేస్తాయి కానీ వినపడకుండా చెయ్యవు. అవతలి పార్టీవాళ్ళు మా అత్త గురించి వీధివీధికీ ఒక కథ చెబుతున్నారట. గంజాయి అట, ముగ్గురు మొగుళ్ళట, గుడ్డలు లేకుండా ఏట్లో స్నానాలట. "మనం పద్ధతి గల కుటుంబాల పార్టీ. పోలింగ్ అయ్యేదాకా ఆవిణ్ణి ఎక్కడైనా ఉంచు. తర్వాత సంగతి తర్వాత," అన్నాడు.

ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర అన్నయ్య పక్క ఊళ్ళో ఒక వృద్ధాశ్రమం గురించి పొగడడం మొదలుపెట్టాడు. తోట ఉందట. డాక్టరు వస్తాడట.

"సూటిగా చెప్పు," అన్నాను. "అత్తను పంపించేయాలి, అంతేగా?"

"కొన్నాళ్ళకేనే. ఎన్నికలు అయ్యేవరకు."

"అయ్యాక తీసుకొస్తావా? గెలిస్తే ఐదేళ్ళూ పద్ధతిగా ఉండాలిగా."

అన్నయ్య కంచం వైపు చూశాడు. అత్త చెయ్యెత్తి నన్ను ఆపింది. "ఉండే చోటు ఏదైతేనేం అమ్మడూ. పట్టుకుని వేళ్ళాడడం నాకు ఎప్పుడూ అలవాటు లేదు," అంది. మాట తేలిగ్గానే అంది. కానీ ఆమె వేళ్ళు మెళ్ళో పూసలను ఒక్కొక్కటే నొక్కడం చూశాను. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఇల్లు అమ్మది. అమ్మ చెప్పాలి," అన్నాను.

అమ్మ లేచి కంచాలు తీసింది. ఆమె ఇబ్బంది నాకు తెలుసు. మందిరంలో పక్క చాపవాళ్ళు అప్పటికే ఆమెను దెప్పుతున్నారు, దేవుడు లేడనేదాన్ని ఇంట్లో పెట్టుకుని ఇక్కడికొచ్చి మొక్కుతున్నావా అని. అమ్మకు ఊళ్ళో ఉన్న పరువంటే ఆ మందిరంలో పరువే. లేచి కంచాలు తీసింది.

మర్నాడు అన్నయ్య ఆఖరి సభకు కావలసిన జెండాల గుడ్డ గంగాళంలో పడింది. ఉప్పు నేనే తూచాను. వేడి నేనే చూశాను. అమ్మ ఇటు, అత్త అటు కర్రలు పట్టుకున్నారు. ఎవరూ మాట్లాడలేదు. అమ్మ ఒకసారి నోరు తెరిచి మళ్ళీ మూసేసింది. అత్త ఆవిరిలోంచి ఎటో చూస్తూ ఉండిపోయింది. ఒకరు తోస్తే ఇంకొకరు లాగడం మర్చిపోయేవాళ్ళు. ఏదైనా మాట్లాడండి అని నేను రెండుసార్లు కేకేశాను. "ఏం మాట్లాడాలి?" అంది అమ్మ.

గుడ్డ దింపి తీగల మీద పరిచి చూశాను. మచ్చలు. ఒకచోట ముదురు, ఒకచోట వెలిసినట్టు లేత, మధ్యలో చారలు. నా చేతి మీదుగా అలాంటి సరుకు ఎన్నడూ దిగలేదు.

సాయంత్రం అన్నయ్య, దగ్గు సారు జెండాలు చూడ్డానికి వచ్చారు. దగ్గు సారు తీగల వెంబడి ఒక వరస నడిచి, గొంతు సవరించుకుని, "ఇదేంటమ్మా, బొల్లి వచ్చినట్టుంది," అన్నాడు.

నేను రంగు గురించి చెప్పబోయాను. అమ్మ తిరగేసిన బకెట్ మీద కూర్చుని ఉంది. చేతులు మోచేతుల దాకా వంకాయ రంగు.

"నిన్న మధ్యాహ్నం నుంచి మేము మాట్లాడుకోలేదండీ," అంది.

దగ్గు సారుకు అర్థం కాలేదు. అన్నయ్యకు అర్థమైంది. ఎంత కాదన్నా నాన్న కొడుకు.

"దాన్ని పంపించి నేను ఎవరితో కలపను?" అని అమ్మ అన్నయ్యను అడిగింది. గొంతు పెంచలేదు. "మందిరంలో అందరూ నేను ఏమన్నా అవునంటారు. అవునవును అంటూంటే చెయ్యి నిద్రపోతుంది. ఇది కాదంటుంది కాబట్టే నాకు రేపు ఏం చెప్పాలా అని ఆలోచన. దేవుడి గురించి ఈ ఎండాకాలం ఆలోచించినంత నా జన్మలో ఆలోచించలేదు."

"అమ్మా, ఓట్లు..."

"పోతే పోనీ. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. అత్తను బయటికి పంపి గెలిస్తే నువ్వు ఇంట గెలిచినట్టా?"

దగ్గు సారు దగ్గాడు. "అమ్మా, పార్టీ ఒప్పుకోదు," అన్నాడు.

"పార్టీకి జెండాలు కావాలా వద్దా?" అన్నాను నేను. "ముదురు రంగులో మళ్ళీ ముంచితే మచ్చలు కప్పుకుపోతాయి. రేపు మధ్యాహ్నానికి ఇస్తాను. కానీ కలపడానికి వీళ్ళిద్దరూ కావాలి. వద్దంటే ఇవే పట్టుకెళ్ళండి."

సభ ఎల్లుండి. ఊళ్ళో మరో రంగుల కార్ఖానా లేదు. దగ్గు సారు అన్నయ్యను చూశాడు. అన్నయ్య మచ్చల జెండాలను చూశాడు. "మళ్ళీ ముంచండి," అన్నాడు.

అత్త ఇదంతా నీళ్ళ తొట్టి దగ్గర నిలబడి వింది. మర్నాడు తెల్లారగానే కర్ర అందుకుని, "అయితే వదినా, నేను కాదంటున్నానని నిద్రలో కూడా ఆలోచిస్తున్నావన్నమాట," అంది.

"పొంగిపోకు. నువ్వు అనేది తప్పే," అంది అమ్మ.

రంగు పట్టింది చూడండి, ఒక్కలాగా, నిండుగా. కాస్త ముదిరిన మాట నిజమే. అవతలివాళ్ళు ముదిరిన వంకాయలని వెక్కిరించారు.

అన్నయ్య ఆ జెండాల కింద నిలబడి దగ్గు సారు రాసిచ్చిన ఉపన్యాసం చదివాడు. మేం ముగ్గురం వెనక వరసలో కూర్చుని విన్నాం. రోడ్లు, నీళ్ళు, బడి, అన్నీ బాగానే ఉన్నాయి. చివర్లో ఒక మాట వచ్చింది: "పద్ధతి లేనివాళ్ళకు మన వార్డులో చోటు లేదు." జనం చప్పట్లు కొట్టారు. అత్త కొట్టలేదు, ముఖం కూడా మార్చలేదు.

పోలింగ్ రోజు అత్త జుట్టు దువ్వుకుని అమ్మతో పాటు క్యూలో నిలబడి మొదటిసారి ఓటు వేసింది. లెక్కింపు అయింది. అన్నయ్య ఓడిపోయాడు. చిత్తుగా కాదు, గౌరవంగానే ఓడాడు. దగ్గు సారు ఆ సాయంత్రం నుంచి మా వీధిలోకి రావడం మానేశాడు.

మర్నాడు పొద్దున అన్నయ్య కార్ఖానాలో స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. గడ్డం గీసుకోలేదు. అమ్మ పొయ్యి వెలిగిస్తోంది. అత్త లోపల్నుంచి వచ్చింది. భుజాన ఆ గుడ్డ సంచి ఉంది.

"నేను నీకు ఓటు వెయ్యలేదురా," అంది. "చెప్పకుండా ఉండడం ఇష్టం లేక చెబుతున్నాను."

అన్నయ్య లేచి నిలబడ్డాడు. "ఏంటి?"

"వేద్దామనే వెళ్ళాను. ఆ ఒక్క మాట దగ్గర చెయ్యి రాలేదు. పద్ధతి లేనివాళ్ళకు చోటు లేదన్నావు చూడు, అక్కడ."

"అది నేను రాసింది కాదు. దగ్గు సారు రాశాడు."

"చదివింది నువ్వేగా."

అన్నయ్య ముఖం ఎర్రబడింది. తన ఇంట్లో తిని, తను ఎక్కించిన పేరుతో వెళ్ళి, తనకే వ్యతిరేకంగా వేస్తుందా అన్నాడు. ఇన్నేళ్ళూ ఎక్కడో ఉండి ఇప్పుడొచ్చి నీతులు చెబుతుందా అన్నాడు. ఆ ఒక్క ఓటుతో ఓడలేదని అతనికీ తెలుసు, అయినా అన్నాడు. అత్త తల వంచుకుని మొత్తం వింది. విని, సంచి సర్దుకుని, వాకిలి వైపు నడిచింది.

అన్నయ్య మధ్యలో ఆగిపోయాడు. "ఎక్కడికి?"

"మా దగ్గర అదే వరస," అంది అత్త. "అందరూ ఒకటి అనుకున్నాక ఎవరైనా కాదంటే, వాళ్ళు మర్నాడు పొద్దున వెళ్ళిపోవాలి. ఎవరూ పొమ్మనరు. వాళ్ళే అర్థం చేసుకుని వెళ్తారు. నేను ఎంతమందిని సాగనంపానో."

అమ్మ పొయ్యి దగ్గర కదలకుండా ఉండిపోయింది. నా చేతిలో ఉప్పు డబ్బా అలాగే ఉంది. ప్రేమ అందరికీ పంచిన ఆ కొండ మీద ఇంత చలి ఉందని అప్పుడే తెలిసింది నాకు.

అన్నయ్య వెళ్ళి సంచి పట్టుకున్నాడు. బలవంతంగా లాక్కున్నాడనే చెప్పాలి.

"గొడవ సగంలో వదిలేసి పోతావేంటి అత్తయ్యా?" అన్నాడు. గొంతులో కోపం ఏమీ తగ్గలేదు. "నేను ఇంకా సగం తిట్టలేదు. కూర్చో."

అత్త అతన్ని చూసింది, తర్వాత అమ్మను. ఆపైన స్టూలు మీద కూర్చుంది.

అన్నయ్య తిట్టాడు. అత్త బదులిచ్చింది. మధ్యాహ్నం దాకా సాగింది, భోజనాల దగ్గర కూడా ఆగలేదు.